లిఫ్టు దిగితే ఎవరున్నారు?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి దేశంలో స్థిరపడ్డ మనవాళ్ల ఆరోగ్యం, అక్కడి నగరాల్లోని పార్కులు. ఈ రెండింటికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. స్కాలర్‌షిప్పుల లెక్క, డయాలసిస్ సాయం లెక్క చదివిన వేదిక మీద పార్కుల మాటేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఆ అనుమానం సబబైనదే. నాకూ చాలాకాలం ఉండేది. పార్కులకు నక్షాలు గీయడం నా ఉద్యోగం, అయినా ఉండేది.

నేను పుట్టింది గుంటూరులో. పెళ్లయి టొరంటో వెళ్లి ఇరవై రెండేళ్లయింది. అక్కడ ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. ఎక్కడ చెట్టు, ఎక్కడ దారి, బెంచీ ఎటువైపు తిరిగి ఉండాలి, వాన నీళ్లు ఎటు పోవాలి, ఇవీ మేము చూసే సంగతులు.

2014 వేసవిలో మా అమ్మీ ఆరు నెలలుందామని మా ఇంటికి వచ్చింది. అప్పుడు మేము థార్న్‌క్లిఫ్ పార్క్ అనే పేటలో పదిహేడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. పేరులో పార్క్ ఉన్నా అది అపార్టుమెంట్ల పేట. అమ్మీకి షుగరు, మోకాళ్ల నొప్పులు. మేమిద్దరం ఉద్యోగాలకు, పిల్లలు బడికి పోతే పొద్దస్తమానం ఒక్కతే. మొదటి వారం ఇల్లంతా సర్దింది. రెండో వారం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. మూడో వారానికి ఆ కుర్చీలోంచి లేవడం తగ్గించింది. "కాసేపు కిందికి దిగి నడువు అమ్మీ, డాక్టరు చెప్పాడు కదా" అన్నాను. "లిఫ్టు దిగితే ఎవరున్నారు బేటా? ఎవరింటికి పోను?" అంది.

గుంటూరులో ఆమె నడిచేది. కానీ ఎప్పుడూ నడక కోసం నడవలేదు. కొత్తిమీర కోసం, పక్కింట్లో పురుడొస్తే చూడడానికి, దర్జీ దగ్గర జాకెట్టు తేవడానికి నడిచేది. నడక ఆ పనుల్లో కలిసిపోయి ఉండేది. పని పోయింది, పలకరించే మనిషి పోయాడు, నడకా పోయింది. ఇక్కడున్న చాలామంది పెద్దలు డల్లాస్‌లోనో, చికాగోలోనో, మెల్‌బోర్న్‌లోనో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చినవాళ్లే. నేను చెబుతున్నది ఏమిటో మీకు వివరించక్కర్లేదు.

వలస వెళ్లినవాళ్ల ఆరోగ్యం గురించి కెనడాలో బాగా తెలిసిన సంగతి ఒకటుంది. వెళ్లిన కొత్తలో వాళ్లు అక్కడ పుట్టినవాళ్లకన్నా ఆరోగ్యంగా ఉంటారు. వైద్య పరీక్షలు దాటి వెళతారు కదా, పైగా కష్టానికి వెరవనివాళ్లే ఇల్లు వదిలి వెళతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెరుగు కరిగిపోతుంది. మన దక్షిణాసియా వాళ్లకు షుగరు చిన్న వయసులోనే వస్తుంది, బరువు అంతగా లేకపోయినా వస్తుంది. దానికి తోడు తిండి మారింది, పనివేళలు మారాయి, మాట్లాడే మనిషి లేడు. వైద్యుడు నడవమని చీటీ రాయగలడు గాని నడవడానికి కారణం రాసివ్వలేడు. పార్కు చేయాల్సిన పని ఆ కారణం కల్పించడం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి ఉదాహరణలు.

థార్న్‌క్లిఫ్ పార్క్ సంగతి కాస్త వివరంగా చెప్తాను. ఒకప్పుడు అది గుర్రప్పందేల మైదానం. పందేలు ఆగిపోయాక ఆ నేల మీద అపార్టుమెంట్లు లేచాయి. 43 అంతస్తుల జంట భవనాలు కూడా ఉన్నాయక్కడ. పన్నెండున్నర వేల మంది కోసం వేసిన పేటలో 2016 జనాభా లెక్కల నాటికి 21 వేల పైచిలుకు ఉన్నారు. పాకిస్తాన్ నుంచి, హిందుస్తాన్ నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. మధ్యలో బడి, దాని దగ్గర ఆర్.వి. బర్జెస్ పార్కు అని ఒక చిన్న జాగా. పేట అంచున డాన్ నది లోయ ఉంది. అక్కడ ఎంత దూరం నడిస్తే అంత అడవి. కాగితం మీద లెక్క వేస్తే మా పేటకు పచ్చదనం కొరతే లేదు. కానీ ఆ లోయలోకి దిగే ఆడవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. దిగాలంటే వాలు. చంకన బిడ్డ, తోపుడు బండిలో ఇంకో బిడ్డ. కింద మనిషి అలికిడి ఉండదు. ఏదైనా అయితే ఎవరిని పిలవాలో తెలియదు. కాబట్టి తలకు ఎన్ని చదరపు మీటర్ల పచ్చదనం అన్న లెక్కను నేను సగమే నమ్ముతాను.

ఇక ఆ చిన్న పార్కు. ఒకప్పుడు అక్కడ చెత్త, విరిగిన ఊయలలు, చాలీచాలని బెంచీలు. 2008లో కొందరు ఆడవాళ్లు కలిసి థార్న్‌క్లిఫ్ పార్క్ మహిళా కమిటీగా ఏర్పడ్డారు. ముందు వరసలో ఉన్నది సబీనా అలీ. పెద్ద కోరికలేమీ కావు వాళ్లవి. చెత్తబుట్టలు కావాలన్నారు, బెంచీలు కావాలన్నారు, పిల్లలకు ఆట సామాను, ఎండాకాలం తడవడానికి నీటి ఆటస్థలం కావాలన్నారు. పురపాలక సంఘం చుట్టూ తిరిగారు. ఒక్కొక్కటే వచ్చాయి. తర్వాత వేసవి శుక్రవారాల్లో పార్కులోనే బజారు పెట్టారు. ఇంట్లో కుట్టిన బట్టలు, గాజులు, గోరింటాకు, సమోసాలు. అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. మనకిది సంతలో మామూలు దృశ్యం. అక్కడ పార్కులో ఏదైనా అమ్మాలంటే అనుమతి, వండాలంటే అనుమతి, పాట పెట్టాలన్నా అనుమతి. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన ఇల్లాళ్లు ఆ ఫారాలన్నీ నింపారు. నాకు వాళ్ల మీద ఉన్న గౌరవమంతా ఆ ఫారాల దగ్గరే మొదలవుతుంది.

2013లో ఆ పార్కులో తందూరు కట్టించారు. ఉత్తర అమెరికాలో ఒక ప్రభుత్వ పార్కులో పెట్టిన మొదటి తందూరు అదేనని చెబుతారు. మట్టి పొయ్యికి ఆరోగ్యంతో ఏం సంబంధం అని మా ఆఫీసులో ఒకాయన నవ్వాడు. ఆయనకు తెలియంది ఏమిటంటే, తందూరు వేడెక్కడానికి గంటకు పైగా పడుతుంది. ఆ గంటలో పిండి గిన్నె ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు. కరాచీ ఆమె పిండిలో పెరుగు ఎంత వేస్తుందో కాబూల్ ఆమె అడుగుతుంది. ఎవరి కోడలికి ఎన్నో నెల, ఏ క్లినిక్‌లో ఉర్దూ వచ్చిన నర్సు ఉంది, ఎవరికి కళ్లు తిరుగుతున్నాయి, అన్నీ అక్కడే తెలుస్తాయి. రొట్టె ఆ తర్వాతి సంగతి.

మా అమ్మీని మొదటిసారి శుక్రవారం బజారుకు నేనే బలవంతంగా దింపాను. గాజుల దగ్గర ఆగింది. అమ్మే ఆమె హైదరాబాదు మనిషి. ఇద్దరూ గాజుల ధర మీద అరగంట బేరమాడారు. చివరికి అమ్మీ కొననే లేదు. ఇంటికొచ్చేటప్పుడు మొహం చూస్తే, ఊళ్లో పెళ్లికి వెళ్లొచ్చినట్టుంది. మరుసటి వారం నన్ను అడగకుండానే దిగింది. ఆగస్టు వచ్చేసరికి సాయంత్రం అయిదింటికి పార్కు చుట్టూ నాలుగు చుట్లు తిరిగే ముగ్గురు ముసలమ్మల జట్టు ఒకటి తయారైంది. ఒకామెకు పష్తో తప్ప మరో భాష రాదు. ఎలా మాట్లాడుకుంటారని అడిగితే, "మోకాళ్ల గురించి మాట్లాడుకోవడానికి భాషెందుకు" అంది అమ్మీ. షుగరు మాయమైందని నేను చెప్పను. మందులు ఆ మోతాదులోనే వాడింది. కానీ తిరుగు ప్రయాణానికి రోజులు లెక్కపెట్టడం మానేసింది. నాకది చాలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దానికి ఏడేళ్ల ముందు, ఇలాంటిదే మరో వలసల పేటలో ఒక పార్కుకు నేను నక్షా గీశాను. చూడడానికి ఎంత బాగుండేదో! మెత్తటి కంకర దారి, వరసగా ఒకే వైపు తిరిగిన బెంచీలు, పూల మొక్కల దిబ్బలు. ఒక పత్రికలో ఫొటో కూడా వేశారు. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే కంకరలో తోపుడు బండ్ల చక్రాలు దిగబడిపోతున్నాయి. ముసలివాళ్ల చేతికర్రలూ అంతే. ఆడవాళ్లు బెంచీలు వదిలేసి గడ్డి మీద గుండ్రంగా కూర్చున్నారు. బస్సులో కూర్చున్నట్టు వరసగా కూర్చుంటే కబుర్లెలా సాగుతాయి మరి? పూల దిబ్బల వెనక ఏం ఉందో కనపడదని చీకటి పడకముందే అందరూ వెళ్లిపోతున్నారు. అన్నిటికన్నా పెద్ద లోపం మరుగుదొడ్డి. నేను పెట్టలేదు. బడ్జెట్‌లో లేదన్నారు, సరేనన్నాను. చిన్న పిల్లలున్న తల్లి మరుగుదొడ్డి లేని చోట ఎంతసేపు ఉండగలదు? ముప్పావుగంట. షుగరున్న ముసలామె అంతసేపు కూడా ఉండలేదు. ఆ పార్కు గీసేముందు నేను ఆ పేటలో ఒక్క ఆడమనిషితోనూ మాట్లాడలేదు. సమావేశం పెట్టాం, రాత్రి ఏడింటికి పెట్టాం. అది వంటవేళ. మగవాళ్లు వచ్చి కార్లు నిలిపే జాగా గురించి మాట్లాడి వెళ్లారు.

ఈ పాఠం నాకన్నా ముందే నేర్చుకున్న ఊరు వియన్నా. 1990ల్లో అక్కడ ఒక పరిశీలన చేశారు. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారని తేలింది. ఉన్న ఒక్క బంతాట జాలీ గదిలోకి ఒకే దారి. ఆ దారి దగ్గర మగపిల్లలు నిలబడితే ఆడపిల్ల వాళ్లను తోసుకుని వెళ్లదు కదా. 1999లో మార్గరెటెన్ అనే ప్రాంతంలో రెండు పార్కులను మార్చారు. ఆట స్థలానికి ఎక్కువ దారులు పెట్టారు, ఒకే పెద్ద జాగాను విడగొట్టారు, వాలీబాల్‌కు, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. "మావాళ్లు ఆడపిల్లల్ని ఆటలకు పంపరు" అని మనం సులువుగా అనేస్తాం. పంపకపోవడంలో మన వంతు ఉంది, కాదనను. కానీ గేటు ఎక్కడ పెట్టామో కూడా ఒకసారి చూసుకోవాలి.

కోపెన్‌హాగెన్‌లో సూపర్‌కీలెన్ అనే పార్కు ఉంది, 2012లో తెరిచారు. వలసవాళ్లు ఎక్కువగా ఉండే నోరెబ్రో ప్రాంతంలో. అక్కడివాళ్లను మీ దేశం నుంచి ఏం తేవాలని అడిగి, మొరాకో నుంచి ఫౌంటెన్, ఇరాక్ నుంచి ఊయలలు, జపాన్ నుంచి ఆక్టోపస్ ఆకారపు జారుడుబల్ల తెచ్చిపెట్టారు. పాలస్తీనా నుంచి పిడికెళ్ల కొద్దీ మట్టి కూడా తెచ్చారు. 2016లో దానికి ఆగా ఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. ఆ మట్టి సంగతి తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. అయినా నిజం చెప్పాలంటే, నన్నెవరైనా రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే తందూరే ఎంచుకుంటాను. ఊరి నుంచి తెచ్చిన వస్తువును మనిషి ఒకటి రెండుసార్లు చూసుకుంటాడు. ఊళ్లో చేసిన పనిని మాత్రం వారం వారం చేస్తాడు.

డబ్బు దగ్గరికి వస్తున్నాను. దాతల సభలో ఈ మాట రాకుండా ఎలా పోతుంది! అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో పాడుబడిన ఖాళీ స్థలాల మీద ఒక పరిశోధన జరిగింది, 2018లో ప్రచురించారు. 541 స్థలాలు తీసుకుని, లాటరీ వేసినట్టు మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, చుట్టూ ఒక పొట్టి కర్ర కంచె కట్టి, ఆ తర్వాత క్రమం తప్పకుండా చూసుకున్నారు. రెండో భాగంలో చెత్త మాత్రం తీశారు. మూడో భాగాన్ని అలాగే వదిలేశారు. ముందూ తర్వాతా చుట్టుపక్కల జనాన్ని మీ మనసెలా ఉందని అడిగారు. పచ్చగా చేసిన స్థలాల దగ్గర దిగులుగా ఉందని చెప్పినవాళ్లు 41.5 శాతం తగ్గారు. కటిక పేదపేటల్లో అయితే 68 శాతం. చెత్త మాత్రమే తీసిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వాళ్లంతా వలసవాళ్లు కారు, పైగా ఇది జనం నోటితో చెప్పిన మాట, రక్తపరీక్ష కాదు. అయినా ఆ ఖర్చు వింటే ఆశ్చర్యపోతారు. ఒక్కో స్థలానికి సుమారు 1,600 డాలర్లు, ఆ తర్వాత ఏటా చూసుకోవడానికి సుమారు 180. మా ఆఫీసులో ఒక గేటు నక్షాకే అంతకన్నా ఎక్కువ పోస్తాం.

గేటు అన్నాను కాబట్టి చెబుతున్నాను, కోపగించుకోకండి. మసీదుకు మినారు కడతామంటే అరగంటలో చందా పోగవుతుంది. వజూఖానాలో కారుతున్న కుళాయికి వాషరు వేయించడానికి మూడు నెలలు పడుతుంది. పార్కులూ అంతే. గేటు మీద పేరు చెక్కించుకునే దాత దొరుకుతాడు, ఊడ్చే మనిషి జీతానికి దొరకడు. నేను చూసిన పార్కుల్లో పాడైనవి ఎక్కువ భాగం కట్టడంలో లోపం వల్ల పాడవలేదు. బల్బు మాడిపోయింది, ఎవరూ మార్చలేదు. చీకటైన మూలకు ఆడవాళ్లు రావడం మానేశారు. వాళ్లు మానేశాక పిల్లలు మానేశారు. ఆ మూలకు ఎవరు చేరతారో మీకు తెలుసు. టొరంటోలో కూడా చాలా పార్కుల మరుగుదొడ్లకు చలికాలం తాళాలు పడతాయి. దాంతో ముసలివాళ్ల నడక నెలల తరబడి ఆగిపోతుంది. ఆ తాళం నక్షాలో కనపడదు.

మన ఊరి సంగతి ఎత్తకుండా దిగిపోదామనుకున్నాను. కానీ బైపాస్ పక్కన సొసైటీకి దానంగా వచ్చిన 1,400 గజాల స్థలం గురించి ఈ పొద్దున కార్యదర్శిగారు చెప్పారు. ఫంక్షన్ హాలు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. హాలు అద్దెతో ఏటా ఇంతమంది పిల్లల చదువు సాగుతుందన్న లెక్క నాకు చూపించారు. తేలిగ్గా కొట్టిపారేసే లెక్క కాదది. అద్దె రాని పార్కు కోసం పిల్లల ఫీజులు ఆపండని నేననను, అనలేను.

నిన్న సాయంత్రం ఆ స్థలం దగ్గరికి వెళ్లాను. చుట్టుపక్కల ఉన్నదెవరు? పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి కూలికి వచ్చిన కుటుంబాలు. మిరప తొడిమలు తీసే పనికి పోయే ఆడవాళ్లు, సెంట్రింగ్ పనికి బీహారు నుంచి, బెంగాలు నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఒక్క గది ఇళ్లు. పొద్దంతా ఘాటులో కూర్చుని దగ్గుతూ వచ్చిన మనిషి ఆ గది బయట కాలువ గట్టు మీద కూర్చుంది. వాళ్లూ వలస వచ్చినవాళ్లే. పాస్‌పోర్టు లేదు, అంతే తేడా. ఆ చుట్టుపక్కల నేను తిరిగినంత మేర చెట్టు కింద కూర్చునే చోటు ఒక్కటీ కనపడలేదు.

అందుకని ఒక చిన్న నక్షా గీసి కార్యదర్శిగారికి ఇచ్చాను. రోడ్డు వైపు 600 గజాల్లో హాలు, పైన ఇంకో అంతస్తు వేసుకుంటే కోల్పోయిన జాగా చాలావరకు తిరిగొస్తుంది. వెనక 800 గజాలు ఖాళీ. ఒక వేపచెట్టు ఇప్పటికే ఉంది, దాన్ని కొట్టకండి. దాని చుట్టూ అరుగు, చేతికర్ర దిగబడని గట్టి దారి, ఎదురెదురుగా నాలుగు బెంచీలు, లేచేటప్పుడు పట్టుకోవడానికి వాటికి చేతులుండాలి. తాగే నీళ్ల కుళాయి. ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి, దానికి లోపలి గడియ, పైన లైటు. రెండు వైపులా రెండు దారులు. పూలమొక్కలు తర్వాత చూసుకోవచ్చు. తందూరు పెట్టమని నేను చెప్పను. ఆ పేట ఆడవాళ్లకు ఏం కావాలో నాకు తెలియదు. కుట్టుమిషన్ల షెడ్డు అడుగుతారేమో, బట్టలు ఉతుక్కునే చప్టా అడుగుతారేమో. వాళ్లు పనికి పోని రోజు చూసి అడగాలి.

హాలు అద్దెలోంచి నెలకు ఒక మనిషి జీతం, కరెంటు, నీళ్ల ఖర్చు ముందే పక్కన పెడతామని తీర్మానంలో రాస్తే తప్ప ఈ నక్షాను ఆమోదించవద్దు. ఆ వాక్యం లేకుండా కట్టేటట్టయితే మొత్తం హాలే కట్టుకోండి, కనీసం స్కాలర్‌షిప్పులైనా పెరుగుతాయి. ఆ జీతం, కరెంటు, నీళ్ల ఖర్చు మొదటి ఏడాది నేనిస్తాను. ఎక్కడా పేరు రాయొద్దు.

కమిటీ మీటింగు వచ్చే బుధవారం అన్నారు. నా విమానం సోమవారం రాత్రికి. రేపు ఆదివారం సాయంత్రం అయిదింటికి నేను ఆ వేపచెట్టు దగ్గర టేపు పట్టుకుని ఉంటాను. రాగలిగినవాళ్లు రండి, ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకురండి. మా అమ్మీ వస్తానంది, ఆమెకు ఒక కుర్చీ ఎవరైనా తెస్తే మేలు.